గడియ మీద చెయ్యి

ప్రెస్సు పైన గది,
మార్చి 6.

మామయ్యకి,

నీ పుస్తకాలు ఐదు ఈ కట్టలో పంపిస్తున్నాను. "గాలిగది" కొట్లకి వెళ్ళి నెల దాటింది, రాసినవాడికి ఇప్పుడు అందుతోంది. ఆలస్యం నాదే, తిట్టుకో. అట్ట మీద నక్షత్రాలు ఎక్కువయ్యాయి, అది మాత్రం మా ఓనరు పని. అంతరిక్షమంటే ఖాళీ కదండీ అంటే, ఖాళీ అట్టని ఎవడు కొంటాడ్రా అన్నాడు. లోపలి పేజీలు పూర్తిగా నావి. నీ నోటుబుక్కు పక్కన పెట్టుకుని ప్రతి అక్షరం నేనే కంపోజు చేశాను, ప్రూఫులూ నేనే దిద్దాను. సరిగ్గా తొంభై ఆరు పేజీలు, పదహారేసి పేజీల ఫారాలు ఆరు.

ఇక్కడ నీ పుస్తకం పెట్టిన చిచ్చు నువ్వు చూసి తీరాలి. ఆదివారం మధ్యాహ్నాలు గేములు రిపేరు చేసే షాపు వెనక గదిలో మేం పదిహేను మందిమి కూర్చుంటాం. ముగింపు తేల్చని కథలూ గేములూ మా సరుకు. పోయినేడంతా ఒక గేము మీద కొట్టుకున్నాం, చివర్లో ఆ మరమనిషి నిద్రపోయిందా ఆగిపోయిందా అని. ఇప్పుడు దాన్ని అందరూ మర్చిపోయారు. అందరి నోటా నీ గాలిగదే.

నువ్వు రాసిందే నీకు చెబుతున్నాను, మావాళ్ళు ఎలా చదివారో తెలియాలి కదా. చచ్చిపోయిన గ్రహం చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రం. కరెంటు పోయింది. లోపల తమ్ముడొక్కడే. బయట పనికెళ్ళిన అక్క వెనక్కొచ్చి తలుపు కొడుతోంది, ఆమె దగ్గర గాలి అయిపోతోంది. తీస్తే లోపలి గాలి ఇద్దరికీ సరిపోతుందో లేదో తెలియదు, తీయొద్దని రూల్సు పుస్తకంలో ఉంది. ఆఖరి మాట: "అతడు లేచాడు. గడియ మీద చెయ్యి వేశాడు."

అంతే, పుస్తకం అయిపోయింది. మా గది రెండు ముక్కలైంది. తీసినవాళ్ళు, వేసినవాళ్ళు. వేసినవాళ్ళకి పెద్ద ఒక రిటైర్డ్ కండక్టరు. గడియ వేశాడు అంటే మూశాడనేగా అర్థం, అంత ఆలోచించి రాసినాయన ఆ మాట ఊరికే వాడతాడా అని ఆయన పాయింటు. భుజం మీద చెయ్యి వేస్తే భుజం మూసినట్టా అని తీసినవాళ్ళు. అసలు అంతరిక్షంలో గడియేమిటని ఒకడు అడిగితే ఇద్దరూ కలిసి వాడి మీద పడ్డారు.

నువ్వు అడిగావని ఒక కాపీ అమ్మకి ఇవ్వాలి. ఇంకా ఇవ్వలేదు. మీ ఇద్దరి మధ్య ఏముందో నాకు తెలియదు, పదకొండేళ్ళుగా మా ఇంట్లో నీ మాట రాదు. నాకు గుర్తున్నదల్లా తొమ్మిదేళ్ళప్పుడు మీ క్వార్టర్స్ మెట్ల మీద వానలో కూర్చోవడం, మామయ్య ఊళ్ళో లేడని అమ్మ అనడం. ఊళ్ళో లేకపోవడం అంత పెద్ద నేరమా? ఇస్తాలే, ఈ వారం ఇస్తాను.

నీ మేనల్లుడు


కొండ మీద వాతావరణ కేంద్రం,
మార్చి 15.

అల్లుడికి,

కట్ట అందింది. పాలవాడి చేత పైకి మోయించాను. ఒక కాపీ వాడికిచ్చాను, నక్షత్రాలు బాగున్నాయన్నాడు. మీ ఓనరుకి చెప్పు.

ఇక్కడ సంగతులు ఏముంటాయి. రోజుకి మూడుసార్లు వానకొలత చూసి, వాన లేదని మూడుసార్లు ఫోనులో చెబుతాను. అవతల ఉన్న పిల్ల కూడా లేదని మూడుసార్లు రాసుకుంటుంది. ఇద్దరం జీతాలు తీసుకుంటున్నాం.

పుస్తకం చదివాను. అచ్చు శుభ్రంగా ఉంది, ఒక్క తప్పు దొరకలేదు. నా కొక్కిరిబిక్కిరి గీతలు నువ్వెలా పోల్చుకున్నావో. ఆఖరి పేజీ దగ్గర మాత్రం ఆగాను. తిప్పి చూస్తే వెనక అట్ట వచ్చింది. రెండు పేజీలు అంటుకున్నాయేమోనని మిగతా కాపీలు కూడా తిప్పి చూశాను.

దాని తర్వాత ఇంకొక్క పంక్తి రాశాననుకున్నానురా. రాయాలనుకుని రాయలేదేమో. ఈ మధ్య కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతుకుతున్నాను, కాబట్టి నా జ్ఞాపకం మీద నేను పందెం కాయను. నోటుబుక్కు నీ దగ్గరే ఉంది కదా. ఒక్కసారి చివరి పేజీ చూసి చెప్పు. తొందరేం లేదు.

మీ తగాదా చదివి నవ్వుకున్నాను. కండక్టరుగారికి నా నమస్కారాలు. నువ్వు ఏ జట్టో రాయలేదు. తీశాడంటావా, వేశాడంటావా?

అక్కకి పుస్తకం ఇస్తే చదివిందో లేదో, చదివి ఏమందో రాయి. ఏమీ అనకపోయినా రాయి. ఆ పుస్తకం మీ పదిహేను మంది కోసమో కొట్ల కోసమో రాయలేదు. ఒక్కరు చదువుతారని రాశాను.

మామయ్య


ప్రెస్సు పైన గది,
ఏప్రిల్ 20.

మామయ్యకి,

ఆలస్యమైంది. ప్రెస్సులో పెళ్ళికార్డుల పని ఊపిరాడనివ్వలేదు.

నోటుబుక్కు చూశాను. లేదు. గడియ మీద చెయ్యి వేశాడు దగ్గరే ఆగిపోయింది. నువ్వు మనసులో అనుకుని ఉంటావు.

లేకపోవడమే మంచిదయింది. ముగింపు చెప్పేసే రచయిత ఎవరు? యజమాని. ఇదిగో న్యాయం, ఇదిగో ఓదార్పు, నోరు తెరువు మింగు అంటాడు. పాఠకుడు నోరు తెరిచి కూర్చుంటాడు. అలా కూర్చోవడం అలవాటైన మనిషి రేపు ఏ అధికారి ముందైనా, ఏ ముఠా నాయకుడి ముందైనా అలాగే కూర్చుంటాడు. తేల్చని ముగింపు మనిషిని లేపి నిలబెడుతుంది. నువ్వే తేల్చుకో అంటుంది. నేను ఏ జట్టు అని అడిగావు. నాకు జట్టు లేదు. ఆ తలుపు ఎప్పటికీ అలాగే ఉండాలన్నదే నా జట్టు.

ఇదంతా కరపత్రంగా రాసి రెండు వందల కాపీలు వేశాను, "పాఠకుడు బానిస కాదు" అని. దానికో కారణముంది. ఆ షాపు నడిపే అమ్మాయిని మేం స్క్రూడ్రైవర్ అంటాం. ఎప్పుడూ ఏదో ఒక గేము డబ్బా విప్పుతూనే మాట్లాడుతుంది. ఆమె మూడో జట్టు పెట్టింది, జట్టులో తనొక్కతే. పుస్తకంలో ఒక పంక్తి పడిపోయిందట. ఆరు అధ్యాయాలూ ఎవరో ఒకరి మాటతో ముగుస్తాయి, ఏడోది చెయ్యితో ముగుస్తుంది, చెయ్యి మాట్లాడదు కదా, ఎవరో ఏదో అని ఉండాలి అంటుంది. ఆరు ముగింపులూ ఒక కాగితం మీద వరసగా రాసి గోడకి అంటించింది.

నేను లేచి ఆ కాగితం చదివి నవ్వాను. యజమాని నోటి నుంచి ఆఖరి మెతుకు రాలుతుందని ఎదురుచూసే పాఠకురాలు అన్నాను. అందరూ నవ్వారు. కరపత్రంలో కూడా ఆమె పేరు లేకుండా ఆమె మీద ఒక పేరా పెట్టాను. ఆమె కాగితం గోడ నుంచి తీసి మడిచి పనిముట్ల డబ్బాలో పెట్టుకుంది. ఆ ఆదివారం నుంచి మాకు టీ తనే పోసి ఇవ్వడం మానేసింది, ఫ్లాస్కు బల్ల మీద పెట్టి ఊరుకుంటుంది. నాకేం బాధ లేదు. సిద్ధాంతం దగ్గర మొహమాటం పనికిరాదు.

అమ్మకి పుస్తకం ఇచ్చాను. ఎవరు రాశారో అట్ట మీద చూసి కాసేపు అలాగే పట్టుకుంది. అమ్మ కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తుంది కదా, షాపులో కళ్ళు పరీక్షించే ఇనప చట్రం ఉంటుంది, అది పెట్టుకుని భోజనాల వేళల్లో రెండు రోజులు చదివింది. ఆఖరి పేజీ తిప్పి, ఇంతేనా, తర్వాత పేజీ లేదా అని అడిగింది. లేదమ్మా, ఇంతే రాశాడు అన్నాను.

"సరేలే. అంతేలే" అంది.

పుస్తకం అటక మీది పెట్టెలో పెట్టేసింది. పనికిరానివన్నీ ఆ పెట్టెలో ఉంటాయి. అప్పటి నుంచి ఇంట్లో అవసరానికి మించి మాట లేదు. నీ కథలో ఏం రాశావు మామయ్యా? తలుపు కథేగా?

నీ మేనల్లుడు


కొండ మీద వాతావరణ కేంద్రం,
మే 2.

అల్లుడికి,

లేదంటే లేదనే. నోటుబుక్కు నీ కళ్ళ ముందుంది, నా కళ్ళ ముందు లేదు.

రాయాలనుకుని రాయలేకపోయానన్నమాట. అది కూడా సబబే. నా జీవితంలో ఒకసారి సరిగ్గా అదే జరిగింది. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఉత్తరంలోనే చెప్పగలను, ఎదురుగా అయితే నా వల్ల కాదు.

ఆ రోజు నేను ఊళ్ళోనే ఉన్నాను. ఇంట్లోనే ఉన్నాను.

నాకు ఈ శాఖలో ఉద్యోగం ఇప్పించింది మీ నాన్న. చేరి ఇరవై రోజులైంది, ఇంకా ట్రెయినింగు. ముందు రోజు ఆయన నా క్వార్టర్స్‌కి వచ్చి కుర్చీలో కూర్చుని, మీ అక్క ఇల్లు వదిలి పోయింది, నీ దగ్గరికే వస్తుంది, నువ్వు తలుపు తీసిన రోజు నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాను అని చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. గట్టిగా కూడా అనలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం వాన. అక్క తట్టింది. ఒక్కతే అయ్యుంటే ఏం చేసేవాణ్ణో తెలియదు, నీ దగ్గు కూడా వినిపించింది. నీకప్పుడు దగ్గు ఉండేది. లేచి తలుపు దగ్గరికి వచ్చాను. గడియ మీద చెయ్యి వేశాను. అది ఇనప గడియ, చల్లగా ఉంది. అవతల అక్క కూడా తట్టడం ఆపింది. నా చెయ్యి పడ్డ చప్పుడు విందని నాకు తెలుసు. ఇద్దరికీ మధ్య ఒక చెక్క. ఎంతసేపని అడక్కు.

తీయలేదు.

తర్వాత మెట్లు దిగే చప్పుడు. మామయ్య ఊళ్ళో లేడురా అని నీతో అనడం కూడా విన్నాను. నా పరువు నీ దగ్గర కాపాడి వెళ్ళింది. పదకొండేళ్ళూ కాపాడుతూనే ఉందని నీ ఉత్తరం వల్ల తెలిసింది.

ఎదురుగా వెళ్ళి చెప్పే ధైర్యం లేక, అంతరిక్షంలోకి పారిపోయి ఒక కథ రాశాను. అక్క అది చదివి ఆఖరి పేజీలో నేనేమన్నానో చూస్తుందని. చూసింది. గడియ మీద చెయ్యి చూసింది. ఆ చప్పుడు ఆమె ముందే విన్నదే. పదకొండేళ్ళ తర్వాత కూడా నేను అక్కడే నిలబడి ఉన్నానని అనుకుని ఉంటుంది. పెట్టెలో పెట్టిందంటే పెట్టదా మరి.

నువ్వు బాధపడకు. రాయనిది నేను. అచ్చు వేసినవాడు ఉన్నదే కదా వేస్తాడు.

మామయ్య


ప్రెస్సు పైన గది,
జూన్ 8.

మామయ్యా,

ఈ ఉత్తరం ఆరుసార్లు మొదలుపెట్టి చించాను. ఇది చించను.

పంక్తి ఉంది. నోటుబుక్కు నూట పద్నాలుగో పేజీలో అడుగున, నీలం సిరాతో, కాస్త పక్కకి ఒరిగి ఉంది. "గడియ తీశాడు. 'రా అక్కా' అన్నాడు." నేను కోసేశాను.

మొదట నాకు నేను చెప్పుకున్న సాకు రాస్తాను, అది కూడా నీకు తెలియాలి. తొంభై ఆరో పేజీ నిండిపోయి ఆ ఒక్క పంక్తి తొంభై ఏడుకి జారింది. ఒక్క పంక్తికి ఇంకో ఫారం ఎత్తమంటావా అని ఓనరు గొణిగాడు. పంక్తుల మధ్య ఎడం వెంట్రుకవాసి తగ్గిస్తే అది లోపలికి వచ్చేసేది. అది నాకు తెలుసు. రోజూ చేసే పనే. చేయలేదు, ఎందుకంటే నాకా పంక్తి నచ్చలేదు. మెత్తగా ఉందనిపించింది. పాఠకుడి చేతిలో పెట్టాల్సిన తలుపును నువ్వే తీసేస్తున్నావనిపించింది. రచయిత యజమాని అని అరిచేవాణ్ణి, మీటలు నా వేళ్ళ కింద ఉన్న రోజున నేనేం చేశాను? నీకొక మాట చెప్పకుండా నీ నోరు మూశాను. నేను చదివిన ఏ కరపత్రంలోనూ ఇలాంటివాడికి మంచి పేరు లేదు.

నువ్వు అడిగినప్పుడు లేదని రాశాను. ఆ అబద్ధం రాయడానికి నెల పట్టింది, పెళ్ళికార్డులు కాదు. నీ ఉత్తరం చదివాక మెట్ల మీద కూర్చున్న ఆ వాన నాకు వేరేగా గుర్తొస్తోంది. వెళ్ళిపోయేటప్పుడు అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే వేళ్ళు నొప్పెట్టి ఏడ్చాను. చలికనుకున్నాను ఇన్నాళ్ళూ.

పోయిన ఆదివారం షాపు వెనక గదిలో లేచి చెప్పాను. కండక్టరు ముందు జోకనుకుని నవ్వాడు. తర్వాత, అయితే నాలుగు నెలలు మేం కొట్టుకుంది ఆయన కథ మీద కాదు, నీ కత్తెర మీదన్నమాట అని చేతికర్ర తీసుకుని వెళ్ళిపోయాడు. పంచిన కరపత్రాల్లో దొరికినవి వెనక్కి తీసుకున్నాను, అరవై దొరికాయి. మిగతావి ఊళ్ళో ఎవరి ఇళ్ళలో ఉన్నాయో.

స్క్రూడ్రైవర్ మాత్రం విప్పుతున్న డబ్బా విప్పుతూనే ఉంది. అందరూ వెళ్ళాక అడిగింది.

"నా కాగితం చదివి నవ్వినప్పుడు, పంక్తి ఉందని నీకు తెలుసు కదా?"

తెలుసన్నాను.

"నాకు మతిపోయిందేమోనని పుస్తకం పదకొండుసార్లు చదివాను" అంది. కొన్ని ఆదివారాలు రావద్దంది. ఎన్ని అని అడగలేదు. ఆమె నీ కథని చిన్న గేముగా చేసింది, నేనెప్పుడూ ఆడి చూడలేదు. వచ్చేముందు ఆడాను. ఆఖర్న తలుపు ముందు నిలబెట్టి తెర ఆగిపోతుంది. ఏ మీట నొక్కినా ఏమీ కాదు. మిగతా పంక్తి దొరికాక పూర్తి చేస్తానని అడుగున చిన్న అక్షరాల్లో రాసుకుంది. తేదీ మార్చిది.

అమ్మ సంగతి. నోటుబుక్కు పట్టుకుని కళ్ళద్దాల షాపుకే వెళ్ళాను, ఇంటిదాకా ఆగితే మళ్ళీ మాట మార్చేస్తానని భయం. అమ్మ వేళ్ళకి అద్దాల పొడి. తుడుచుకుని, బల్ల మీదున్న ఒక అద్దం తీసి ఆ పేజీ మీద పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇంతే రాశాడన్నావు కదరా."

నేనే కోశానమ్మా అన్నాను. తలుపు సంగతి కూడా నాకు తెలుసన్నాను. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. మిగిలిన అద్దాలు అరగదీసి, మిషను కట్టేసి, చేతులు కడుక్కుని, నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది. ఇంటికి నడిచినంతసేపూ నాకంటే రెండు అడుగులు ముందే ఉంది. రాత్రి అన్నం పెట్టి నీ అడ్రసు అడిగింది. ఇచ్చాను.

ఓనరు రెండోసారి అచ్చు వేద్దామంటున్నాడు. పంక్తి పెట్టేశాను, పేజీ తొంభై ఆరులోనే పట్టింది. నువ్వు ఊ అనేదాకా అచ్చు ప్లేటుకి పంపను. క్షమించమని అడగడానికి ముందు నువ్వు తిట్టాలి. అందుకు ఎదురుచూస్తాను.

నీ మేనల్లుడు


కొండ మీద వాతావరణ కేంద్రం,
జూన్ 15.

అల్లుడికి,

తిట్టడానికి కూర్చున్నాను. మధ్యలో వానకొలత వేళయి లేవాల్సొచ్చింది. తిరిగొచ్చేసరికి కోపం చల్లారింది. ప్రభుత్వోద్యోగంలో ఇదొక నష్టం.

ఆ పంక్తి రాశానో లేదోనన్న అనుమానం నాకెప్పుడూ లేదు. దాని దగ్గర మూడేళ్ళు కూర్చున్నవాణ్ణి, మర్చిపోతానా? నువ్వే చెబుతావేమోనని మతిమరుపు నటించాను. లేదని రాశావు. ఆ "లేదు" దగ్గర నీ పెన్ను కాగితం అవతలికి దిగింది. నిజం రాసేవాడు అంత ఒత్తి రాయడు. అప్పుడే తెలిసింది. తెలిసీ, బాధపడకు అని రాశాను. అది మంచితనం అనుకుంటున్నావేమో, కాదు. నిన్ను లోపలి నుంచి కాలనిచ్చాను. నేనూ తక్కువవాణ్ణి కాదు.

ఇప్పుడు నా వంతు. నువ్వు కోసింది నా అబద్ధాన్నిరా. తీయని తలుపును కథలో తీసేసి, ఆ కథను తలుపు బయట నిలబడ్డ మనిషికే పంపాను. అచ్చయిన ఆఖరి పేజీ చూసినప్పుడు ముందు ఒళ్ళు మండింది. ఆ తర్వాత, నా జేబులో దొంగసొత్తు ఎవరో తీసి బల్ల మీద పెట్టినట్టయింది. నువ్వు అచ్చేసిన పుస్తకంలో ఉన్నదే జరిగింది. నా నోటుబుక్కులో ఉన్నది జరగలేదు. మీరిద్దరూ వెళ్ళిపోయాక నేనేం చేశానన్నది ఎవరికీ అక్కర్లేనిది, దాన్ని లెక్కలో వేయకు.

అలాగని నీ తప్పు ఒప్పయిపోదు. నువ్వు నిజం కోసం కోయలేదు, నచ్చలేదని కోశావు. ఆ షాపు అమ్మాయికి జరిగినదానికి నా క్షమాపణ పనికిరాదు, నీదే కావాలి. రమ్మన్నప్పుడు వెళ్ళు. రమ్మనకపోతే బయటే ఉండు.

రెండో అచ్చుకి నన్నడగకు. ఆ పంక్తి ఉండాలో వద్దో చెప్పాల్సిన మనిషి నేను కాదు, నువ్వూ కాదు. నోటుబుక్కు మీ అమ్మ సంచిలోనే ఉంది కదా. అడుగు.

మామయ్య


కళ్ళద్దాల షాపు,
జూన్ 17.

తమ్ముడూ,

ఉత్తరం రాసి చాలా ఏళ్ళయింది, అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో. నువ్వు రాసిన ఉత్తరాలన్నీ వీడు తెచ్చి నా ముందు పెట్టాడు, తను నీకు రాసినవి నోటితో చెప్పాడు. నిన్న అందింది కూడా చదివాను.

అద్దం అరగదీసేటప్పుడు ఒక్క పిసరు ఎక్కువ పోతే మళ్ళీ అతికించలేం. చట్రంలో నిలబడదు. ఇంకో అద్దం తీసుకోవాలి. వీడికి ఈ పని నేర్పలేదు, నేర్పాల్సింది. వీడి తప్పు వీడు మోస్తున్నాడు, మోయనీ. అన్నం సరిగ్గా తినడం లేదు. అందులో నేను కలగజేసుకోను.

మీరిద్దరూ చెప్పేశారు కాబట్టి నాది నేను చెప్పాలి. వీడి పదిహేను మందిలో ఎవరికీ ఇది తట్టలేదట.

నువ్వు తీశావు.

మేం మెట్లు దిగి, వీధి మలుపు దాకా వెళ్ళాం. అప్పుడు వెనక గడియ చప్పుడు వినిపించింది. నూనె లేని గడియ, కీచుమంటుంది, ఇంకో ఇంటిదనుకోవడానికి లేదు. తర్వాత నువ్వు పిలిచావు. ఒక్కసారే. వానలో నాకు వినపడలేదనుకుని ఉంటావు. వినపడింది. వీడికి కూడా వినపడింది, ఎవరమ్మా అని వెనక్కి తిరగబోయాడు. చెయ్యి గట్టిగా పట్టుకుని, ఎవరూ లేరు, నడు అన్నాను. వేళ్ళు నొప్పెట్టాయని ఏడ్చింది అందుకు.

తిరిగితే నువ్వు గుమ్మంలో నిలబడి ఉంటావని తెలుసు. నిన్ను చూస్తే కోపం పోతుంది. ఆ కోపం పోతే నేను ఆ వానలో ఒక్క అడుగు వేయలేను, అక్కడే కూలబడతాను. అందుకని తిరగలేదు. ఆ రోజుకి అది అవసరం. మర్నాటికి అవసరం లేదు. అయినా పదకొండేళ్ళు, నువ్వు తీయలేదనే నాకు నేను చెప్పుకున్నాను. పోనుపోను అదే నిజమనిపించింది. నువ్వు అక్కడ ఒక్కడివీ, నేను విన్నానని తెలియక, కొండెక్కి కూర్చున్నావు. ఇంకో మాటలో చెప్పాలంటే తలుపు ఇవతల నేను కూడా గడియ వేశాను.

వీడు ఇచ్చిన పుస్తకంలో ఆఖరి పేజీ చూసి, అయితే తమ్ముడు కూడా తీయలేదనే అంటున్నాడు, ఇక నా మాట అబద్ధమవుతుందన్న భయం లేదు అనుకున్నాను. అంత సిగ్గులేని ఊరట పొందాను. అందుకే పెట్టెలో పెట్టాను. మొన్న అద్దం కింద నీ చేతిరాత చూశాక నిద్ర పట్టలేదు. "రా అక్కా" అని రాశావు. ఆ రోజు నువ్వు పిలిచిందీ అదే మాట.

నోటుబుక్కులో నువ్వు రాసింది అబద్ధమేం కాదు, చోటు తప్పింది. రెండో అచ్చులో ఏం పెట్టాలో కూర్చుని చూద్దాం, వీడి బల్ల దగ్గర కాదు. ఆ షాపు అమ్మాయికి మాత్రం ఏం తేలిందో ముందు మనమే చెప్పాలి. ఆ పిల్ల పదకొండుసార్లు చదివిందట.

శనివారం మొదటి బస్సుకి వస్తున్నాను. వీడు కూడా వస్తాడు, బస్టాండు నుంచి నడకే కదా. నా మోకాళ్ళకి కొండ ఎక్కడం అలవాటు లేదు, ఆలస్యం కావచ్చు.

మళ్ళీ తట్టడం నా వల్ల కాదు. గడియ వెయ్యకు.

అక్క